4కే టీవీ కొన్నారు సరే.. బొమ్మ మసకగా ఎందుకు వస్తోంది?

హాల్లో పెద్ద 4కే టీవీ. నెలనెలా ఓటీటీ బిల్లు. అయినా సినిమా పెడితే ముఖాలు మసక మసకగా, చీకటి సీన్లు గళ్లు గళ్లుగా కనిపిస్తాయి. చాలామంది టీవీనే తిట్టుకుంటారు. కానీ చాలాసార్లు లోపం టీవీలో ఉండదు.

ఫుల్ హెచ్‌డీ కంటే 4కేలో పిక్సెల్స్ నాలుగు రెట్లు ఎక్కువ.. దాదాపు 83 లక్షలు. నెట్‌ఫ్లిక్స్ లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ స్పీడ్ కావాలి. నెట్ తగ్గితే యాప్ వెంటనే వీడియో ఆపదు, ముందు క్వాలిటీ తగ్గిస్తుంది. అందుకే బఫరింగ్ లేకపోయినా బొమ్మ మసకబారుతుంది.

ఫోన్ హాట్‌స్పాట్‌తో టీవీ చూసేవాళ్లకు ఇంకో చిక్కు. 4కేకి గంటకు 7 జీబీ దాకా డేటా ఖర్చవుతుంది. ఆ లెక్కన రోజుకు 2 జీబీ ప్యాక్ 20 నిమిషాలు కూడా రాదు.

ప్లాన్ సంగతీ చూసుకోవాల్సిందే. 2021 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో రేట్లు తగ్గించినా, 4కే మాత్రం రూ.649 ప్లాన్‌కే ఇచ్చింది. రూ.499 కట్టినవాళ్లకు ఫుల్ హెచ్‌డీ వరకే. టీవీ ఎంత ఖరీదైనదైనా ఇందులో తేడా ఉండదు.

మరేం చేయాలి? స్పీడ్ టెస్ట్ రూటర్ పక్కన కాదు, టీవీ దగ్గర చేయాలి. గోడలు అడ్డొచ్చి వైఫై తగ్గుతుంటే కేబుల్‌తో నేరుగా కలపాలి. ప్లాన్, స్పీడ్, వైఫై.. మూడింటిలో ఏది తగ్గినా 4కేకి పెట్టిన డబ్బు దండగే!