యాజకుడు దాటిపోయిన దారిలో

యేసు ప్రభువును పరీక్షించాలని వచ్చిన ధర్మశాస్త్రోపదేశకుడికి జవాబు ముందే తెలుసు. దేవుణ్ణి పూర్ణహృదయంతో ప్రేమించాలి, పొరుగువాణ్ణి తనలాగే ప్రేమించాలి. రెండూ తడుముకోకుండా చెప్పాడు. ఆ తర్వాత వేసిన ప్రశ్నలోనే అతని హృదయం బయటపడింది. నా పొరుగువాడెవడు అని అడిగాడు (లూకా 10:29). అంటే ఎంతవరకు ప్రేమిస్తే చాలు, ఎక్కడ ఆపేయవచ్చు అని హద్దురాయి అడుగుతున్నాడన్నమాట.

ప్రభువు చెప్పిన మంచి సమరయుని కథ మనకు ఆదివారపు బడి నుండీ తెలుసు. అయితే దానికి ముందు అధ్యాయం ఎంతమంది కలిపి చదువుతారు? సమరయుల గ్రామమొకటి యేసును చేర్చుకోలేదు. యాకోబు, యోహానులు ఆకాశం నుండి అగ్ని కురిపిద్దామన్నారు. ప్రభువు వాళ్లను గద్దించాడు (లూకా 9:52-55). తనను గుమ్మంలోకి రానివ్వని ఆ జనంలో నుండే ఒకణ్ణి తీసుకుని, తర్వాతి అధ్యాయంలో ప్రేమకు మాదిరిగా నిలబెట్టాడు!

దొంగలు ఆ ప్రయాణికుడి బట్టలు కూడా దోచుకున్నారు. కొనప్రాణంతో ఉన్నవాడికి మాట రాదు. బట్టను బట్టి, యాసను బట్టి అతనెవరో పోల్చుకునే వీలు లేదు. సమరయుడు ఆ వివరం అడగలేదు కూడా. నూనె, ద్రాక్షారసం పోసి కట్లు కట్టాడు, తన వాహనమిచ్చాడు, రెండు దేనారములు ఇచ్చాడు. అంటే రెండు రోజుల కూలి. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానని పూటకూళ్లవాడి దగ్గర పూచీపడ్డాడు.

మన గోదావరి జిల్లాల్లో ఈ కథ చెప్పేటప్పుడు నాకు డొక్కా సీతమ్మ గారు గుర్తొస్తారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో కన్నుమూసే వరకు వైనతేయ ఒడ్డున వచ్చినవారికల్లా అన్నం పెట్టిన తల్లి. వేళ కాదని గానీ, ఏ కులమని గానీ అనలేదంటారు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారట. దారిలో ఒక పెళ్లిబృందం ఆకలిమీద ఉండి, గన్నవరం చేరితే సీతమ్మ గారు అన్నం పెడతారని పిల్లలను ఊరడించడం ఆమె చెవిన పడింది. దర్శనం మానుకుని వెనక్కి తిరిగి, వాళ్లకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించారని చెబుతారు. యెరికో దారిలో యాజకుడు, లేవీయుడు ఏం చేశారో గుర్తు చేసుకోండి. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ప్రభుత్వం ఆమె పేరు పెట్టింది.

క్రైస్తవ శీర్షికలో ఈమె ప్రస్తావన ఎందుకని కొందరు విశ్వాసులు నొచ్చుకోవచ్చు. యూదులకు సమరయుని పేరు ఇంకా ఎక్కువ నొప్పి పుట్టించి ఉంటుంది. కనికరం చూపినవాడే అన్నాడు తప్ప, సమరయుడు అనే మాట ఆ ఉపదేశకుడి నోట రాలేదు. రక్షణ కృపవల్లనే, క్రియలవల్ల కాదు. అందులో సందేహం లేదు. కానీ కృపను ఉచితంగా పొందినవాళ్లం మనం మరింత చేయాలా, తక్కువ చేయాలా? కళ్లెదుట ఉన్న సహోదరుణ్ణి ప్రేమించనివాడు కనబడని దేవుణ్ణి ఎలా ప్రేమిస్తాడని యోహాను సూటిగానే అడిగాడు (1 యోహాను 4:20).

మన సంఘాల సంగతి చూద్దాం. ఒకే బల్లలో పాలుపొందుతాం, సంబంధం కలుపుకోవాలంటే కులం అడుగుతాం. సమాధుల స్థలం దగ్గర లూథరనా, బాప్టిస్టా అని తగువు పడతాం. సహాయం పంచేటప్పుడు మనవాళ్ల జాబితా తీస్తాం. ఇంకొందరు బియ్యం ఇచ్చి ఆదివారం ఆరాధనకు రమ్మని షరతు పెడతారు. నా దృష్టిలో అది ప్రేమ కాదు, బేరం. సువార్త చెప్పవద్దని నేననడం లేదు. చెప్పాలి, కానీ బియ్యం సంచికి కట్టి కాదు. ప్రభువు పదిమంది కుష్ఠురోగులను బాగుచేస్తే తొమ్మిదిమంది తిరిగి రాలేదు (లూకా 17:17). వాళ్ల స్వస్థతను ఆయన వెనక్కి తీసుకున్నాడా? కాటన్ దొర క్రైస్తవుడే. 1852లో పూర్తయిన ఆయన ఆనకట్ట నీళ్లు ఏ రైతు మతం అడిగి చేలోకి పారాయి?

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక వరకూ వచ్చింది. కోనసీమ లంకలు నీట మునిగాయి. వరద మనకు కొత్త కాదు, మళ్లీ వస్తుంది. నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చిన రోజునే మెరకమీద ఉన్న ప్రతి మందిరం తలుపులు తీయాలి. పెద్దలు ఇప్పుడే కూర్చుని తాళం ఎవరి దగ్గర ఉండాలో, పొయ్యి ఎక్కడ పెట్టాలో, పాలు తాగే పిల్లలకు, పశువులకు ఏం చేయాలో తేల్చుకోవాలి. వచ్చినవారి పేరు రాసుకోండి, ఎంతమందికి వండాలో తెలియాలి కదా. పక్కన సంఘం పేరు రాసే గడి మాత్రం గీయకండి.