దగ్గు తగ్గకపోతే చెమట కూడా చూడాలి

బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఖరగ్‌పూర్ చేరిన తెలుగువాళ్లు ఝపటాపూర్ వంటి పేటల్లో స్థిరపడ్డారు. అలాంటి పేటలో ఒక పిల్లవాడికి నెలల తరబడి దగ్గు, కఫం ఉంటే ఇంట్లోవాళ్లకే కాదు, డాక్టరుకూ ముందు తట్టేది టీబీ. మన దేశంలో అది సహజమే. కానీ పరీక్షలో టీబీ క్రిమి కనిపించకుండానే మందులు మొదలై, కోర్సు పూర్తయినా దగ్గు పోని పిల్లలున్నారు. వారిలో కొందరికి అసలు జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్.

ఇది తెల్లవాళ్ల జబ్బు అన్న నమ్మకం ఇంకా పోలేదు. ఢిల్లీ ఎయిమ్స్, వెల్లూరు సీఎంసీ వైద్యులు మాత్రం భారతీయ పిల్లల్లో దీన్ని గుర్తిస్తూనే ఉన్నారు. 1989లో కనుగొన్న సీఎఫ్‌టీఆర్ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపంతోనే వస్తే బిడ్డకు ఈ జబ్బు వస్తుంది. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. మనవాళ్లకు రుచించని మాటే అయినా నిజం.

ఈ లోపం వల్ల ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా చిక్కబడుతుంది. మట్టిలో, నీళ్లలో, ఇంటి సింకులో కూడా బతికే సూడోమోనాస్ ఏరుజినోసా అనే బాక్టీరియాకు అది మంచి చోటు. కొత్తగా చేరినప్పుడే పట్టుకుంటే, పీల్చే టోబ్రామైసిన్ మందుతో చాలామందిలో దాన్ని తుడిచిపెట్టవచ్చు. ఆలస్యమైతే అది ఆల్జినేట్ అనే జిగురు కప్పుకొని గుంపు కడుతుంది. ఆ గుంపే బయోఫిల్మ్. ఇక యాంటీబయాటిక్‌లకూ తెల్లరక్తకణాలకూ అది లొంగదు. ఆపైన దాన్ని అణచి ఉంచడమే తప్ప వదిలించడం అరుదు. అంటే, పొరపాటు వైద్యంలో గడిచిన ప్రతి నెలా బాక్టీరియాకు కలిసివచ్చినట్టే.

గుర్తించే పరీక్ష కష్టమైనదేమీ కాదు. చర్మంపై పైలోకార్పిన్ మందు ఉంచి, స్వల్ప విద్యుత్తుతో చెమట పట్టించి, అందులో క్లోరైడ్ కొలుస్తారు. ఈ పద్ధతి 1959 నాటిది. లీటరుకు 60 మిల్లీమోల్స్ లేదా అంతకు మించితే జబ్బు ఉన్నట్టు బలమైన ఆధారం. బిడ్డను ముద్దాడితే ఉప్పగా ఉందని తల్లి చెబితే, డాక్టరు దాన్ని కొట్టిపారేయకూడదు. ఖరీదైన యంత్రం లేకుండానే ఈ పరీక్ష చేయవచ్చని ఎయిమ్స్ వైద్యులు చూపించారు కూడా.

జన్యులోపాన్ని సరిదిద్దే కొత్త మాత్రల ధర అమెరికాలో ఏడాదికి 3 లక్షల డాలర్లకు పైనే. వాటి సంగతి తర్వాత. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఆసుపత్రి ఉంది, 1951 నుంచి ఐఐటీ ఉంది. అలాంటి ఊళ్లో టీబీ క్రిమి దొరకని పిల్లవాడికి, రెండోసారి టీబీ మందులు రాసేముందు, చెమట పరీక్ష చేయించే ఏర్పాటు ఉండాలి.