కత్తెర కూలి

అమెరికాలో ఆదివారపు వార్తాపత్రికతోబాటు ఇంటికి వచ్చు రంగురంగుల కరపత్రములను విప్పి, బట్టల సబ్బుపొడిపై ఒక డాలరు, టూత్‌పేస్టుపై అర డాలరు, పిల్లల ప్రొద్దుటి ఫలహారపు డబ్బాపై ముప్పాతిక డాలరు తగ్గింపునిచ్చు చిన్నచిన్న చీటీలను కత్తెరతో కత్తిరించి, వాటిని సంచిలోనో పెట్టెలోనో క్రమముగా నమర్చుకొని అంగడికి బోవు గృహిణులు అనేక దశాబ్దములుగా నున్నారు. దీనిని చిల్లర కక్కుర్తి యని నవ్వువారును ఆ యిండ్లలోనే యుందురు. ఆ నవ్వినవారు ఆ తగ్గిన ధరకు వచ్చిన పేస్టుతోనే పండ్లు తోముకొనుట వేఱు సంగతి. నాకు మాత్రము ఈ పని గృహనిర్వహణమున ఒక గౌరవనీయమైన శాఖగానే తోచుచున్నది. ఆ చీటీలవలన మిగులు పైకమును కంపెనీవారి ఔదార్యముగా నెంచుట పొరపాటు. అది ఆ గృహిణి చేసిన పనికి వారు ముట్టజెప్పు కూలి. కూలి యని యొప్పుకొన్న పిమ్మట, ఎంత పనికి ఎంత కూలి, ఆ పని యెవరి లాభమునకు, అను ప్రశ్నలు తప్పవు.

ఈ చీటీలకు నూటముప్పది యేండ్లు దాటిన చరిత్ర కలదు. 1887-88 ప్రాంతమున అట్లాంటా నగరమున ఏసా కాండ్లరు అను ఔషధవర్తకుడు కోకా-కోలా యను క్రొత్త పానీయమును జనులకు రుచి చూపదలచి, ఒక గ్లాసు ఉచితముగా త్రాగవచ్చునను చీటీలను పంచిపెట్టించెను. ఒకసారి రుచి మరిగినవాడు రెండవ గ్లాసుకు తానే డబ్బు తీయునని ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు. కొంతకాలమునకు సి. డబ్ల్యు. పోస్టు అను వర్తకుడు గ్రేప్-నట్స్ అను తన ధాన్యపు ఫలహారముపై ఒక సెంటు తగ్గించు చీటీని ప్రవేశపెట్టెను. పిదప 1930ల ఆర్థికమాంద్యమున, ఉద్యోగములు పోయి సెంటు సెంటును చూచుకొనవలసివచ్చిన దినములలో, ఈ చీటీలు అమెరికా వంటయిండ్లలో స్థిరనివాస మేర్పఱచుకొన్నవి.

గల్లాపెట్టెలో పడినంతమాత్రమున చీటీ ప్రయాణము ముగియదు. అంగడివారు వాటిని మూటలుగట్టి లెక్కింపుకేంద్రములకు పంపుదురు. అచ్చట కంపెనీలవారీగా వేఱుచేసి లెక్కించిన పిమ్మట, తయారీదారు ఒక్కొక్క చీటీకి దాని ముఖవిలువను, దానితోబాటు సామాన్యముగా ఎనిమిది సెంట్ల నిర్వహణ రుసుమును అంగడివారికి చెల్లించును. వేఱుచేయుటలో చేతిపని మిక్కుటముగా నుండుటచేత ఈ లెక్కింపు చాలవఱకు సరిహద్దు దాటి మెక్సికోకు, అచ్చటి చౌకకూలికి తరలినది. ఓహాయోలో ఒక యిల్లాలు రాత్రి భోజనానంతరము బల్లపై పఱచి చేసిన వర్గీకరణమునే మఱియొక దేశమున మఱియొకరు దినకూలికి తిరుగ జేయుదురన్నమాట. చీటీ యడుగున, భూతద్దము పెట్టినగాని కానరాని యక్షరములతో, దీని నగదు విలువ సెంటులో నూఱవ వంతు అని తఱచుగా నచ్చువేసియుండును. పూర్వము అంగడివారు కొనుగోలుదారులకు పంచిన వ్యాపారపు స్టాంపులను గూర్చి కొన్ని రాష్ట్రములు చేసిన చట్టముల శేషమిది. ఆ లెక్కన పదివేల చీటీలకు ఒక డాలరు.

అసలు కంపెనీవారు ధరయే తగ్గించి ఈ కాగితపు తంతునంతయు మానుకొనరాదా యని యెవరికైనను తోచును. ఈ ప్రశ్నకు 1984లో మార్కెటింగ్ సైన్స్ అను పత్రికలో చక్రవర్తి నరసింహన్ అను పండితుడు చక్కని సమాధానము చెప్పినాడు. ధర విషయమున పట్టింపు గలవారిని లేనివారినుండి విడదీసి, ఒకే వస్తువును రెండు ధరల కమ్ముటకు చీటీ యొక సాధనమని యాయన సిద్ధాంతము. గంటకు చాల ఆర్జించువాడు చీటీలకై కూర్చుండడు. పూర్తి ధర చెల్లించి పోవును. కాలము విలువ అంతగా లేనివారు కూర్చుండి కత్తిరింతురు, తక్కువ ధరకు కొందురు. కత్తిరించుట, దాచుట, గడువు గుర్తుంచుకొనుట, మఱవక అంగడికి గొనిపోవుట యను శ్రమయే ఆ జల్లెడకు కన్నులు. ఆ శ్రమ లేకున్నచో ప్రతివాడును చీటీని వాడుకొనును, అప్పుడది వట్టి ధర తగ్గింపై కంపెనీవానికి నిష్ప్రయోజనమగును. కావున చీటీలను సంబాళించుటలోని యిబ్బంది యాదృచ్ఛికమైనది గాదు. అది ఆ యేర్పాటునకు ప్రాణము.

ఇంత తెలిసినవారు చీటీల నమర్చుకొనవలసినది ఆ శ్రమను వీలైనంత కుదించుకొనునట్లుగా. లోకములో మూడు పద్ధతులు వాడుకలో నున్నవి. మొదటిది, ముడుచుకొని విప్పుకొను అఱల సంచి. రెండవది, బేస్‌బాలు ఆటగాండ్ర బొమ్మలను దాచుకొనుటకై చేసిన పారదర్శకపు జేబుల కాగితములను ఒక పెద్ద ఫైలులో కూర్చి, జేబుకొక చీటీ చొప్పున కనబడునట్లు పెట్టుట. మూడవది, కరపత్రమును కత్తిరింపకయే పైన వచ్చిన తేదీ వేసి దొంతరగా నుంచి, కావలసిన వస్తువునకు చీటీ యే తేదీ కరపత్రమున నున్నదో చూచుకొని, అంగడికి బోవు ముందు దానిని మాత్రమే కత్తిరించుట. రెండవది చూచుటకు ముచ్చటగా నుండును, అంగడిలో అనుకోకుండ ధర తగ్గిన వస్తువు కంటబడినప్పుడు చేతికందును. కాని వారమునకు రెండు మూడు గంటలు దానికే యర్పణము. నా యోటు మూడవదానికి. ఏ పద్ధతి యైనను అక్షరక్రమమున పేర్చుట మాత్రము తెలివితక్కువ. అది గ్రంథాలయమునకు తగునుగాని, సబ్బుల వరుసనుండి పాల వరుసకు నడచు మనిషికి తగదు. అంగడిలో వస్తువులున్న వరుసనే చీటీలకును వరుసగా జేసి, ఆ వారము గడువు ముగియునవి అన్నిటికంటె ముందుంచి, గడువు దాటినవాటిని జాలిపడక పాఱవేయవలెను.

అయితే ఈ వరుసలన్నిటికిని ముందు రావలసిన కాగిత మొకటి కలదు: ఇంటికి కావలసిన సరకుల జాబితా. చాలమంది తప్పటడుగు ఇచ్చటనే. చీటీలను ముందు పెట్టుకొని జాబితా వ్రాయువారికి చీటీయే యజమాని యగును. పేరుమోసిన కంపెనీవారి టమాటా కెచప్పు సీసా నాలుగు డాలర్లనుకొందము, దానిపై డాలరు చీటీ యున్నది. ఆ ప్రక్కనే అంగడివారు తమ సొంతపేరుతో నమ్ము సీసా రెండున్నర డాలర్లు. చీటీ చెల్లినదను సంతోషముతో అర డాలరు నష్టపడి యింటికి వచ్చువా రనేకులు. ఇక అనుభవజ్ఞులు చేయు పని వేఱు. చీటీ చేతికి వచ్చిన వారమే దానిని ఖర్చుచేయరు. కొన్ని వారములకొకమాఱు అంగడివారే ఆ వస్తువు ధర తగ్గింతురు. అప్పటిదాక ఆగి, తయారీదారు చీటీని, అంగడివారి చీటీని రెంటిని ఒకదానిపై నొకటి చేర్చి కొందురు. తగ్గించిన సరకు అప్పటికే యైపోయినచో, వచ్చిన తరువాత అదే ధరకిచ్చునట్లు వ్రాతమూలకమైన హామీ నడిగి పుచ్చుకొందురు. అడుగుటకు సిగ్గుపడరు.

ఈ విద్య వెఱ్ఱితలలు వేయుటయు కలదు. టీఎల్‌సీ యను టెలివిజను వాహినిలో 2010 మొదలు 2012 వఱకు వచ్చిన ఎక్స్‌ట్రీమ్ కూపనింగ్ అను కార్యక్రమమున, వందల డాలర్ల సరకు బండ్లకెత్తి పదిపదునైదు డాలర్లతో బయటపడువారిని వీరులవలె చూపినారు. వారి గ్యారేజీలలో ఒక కుటుంబము పదియేండ్లకును వాడలేనన్ని ఆవపిండి సీసాలు, గడ్డపుకత్తులు వరుసలుదీరియుండెను. కావలసినదానికి వందరెట్లు కొనుటను పొదుపనుట నాకు చేతగాదు. పైగా అంగడిలో ఆ వరుస నంతటిని ఒకరే యూడ్చుకొనిపోయినచో, ఒక్క సీసాకై చీటీ పట్టుకొని వచ్చిన ముసలమ్మ ఉత్తచేతులతో పోవలసినదే.

అమెరికాలోని తెలుగువారింట ఈ చీటీల ప్రవేశము వంటయింటి గుమ్మమునుండి గాక స్నానపుగది గుమ్మమునుండి జరిగినదనవచ్చును. చీటీలు ప్రధానముగా డబ్బాలకును, సీసాలకును, పేరుగల పొట్లములకును. బీరకాయపై ఏ కంపెనీయు చీటీ యచ్చువేయదు. సోనామసూరి బియ్యము, కందిపప్పు, చింతపండు, ఇంగువ అమ్ము మనవారి కొట్టుకు ఆదివారపు కరపత్రముతో పనిలేదు. కావున మనవారికి వాటివలన కలిసివచ్చునది బట్టల సబ్బు, షాంపూ, పసిపిల్లల డయపర్లు, కాగితపు తువాళ్ళు ఇత్యాదులయందు. ఇది తక్కువ యని కాదు. పసిబిడ్డ యున్న యింట డయపర్ల ఖర్చెంతయో తలిదండ్రులకు తెలియును.

మన దేశమున కాగితపు చీటీ వేరూనలేదు. పొట్లముపై గరిష్ఠ చిల్లర ధర యచ్చువేయవలెనను నిబంధన యుండుటచేత, ఆ ధరనుండి రెండు రూపాయలు తగ్గించుటయే పచారీకొట్టు శెట్టిగారి మర్యాద. నెలకొకమాఱు తీర్చు ఖాతాయే ఆయన యిచ్చు అసలు రాయితీ. ఆ చోటును ఇప్పుడు ఫోనులలోని కూపన్లు ఆక్రమించుచున్నవి. వీటి నడక చూడుడు: అయిదువందల రూపాయలకు కొన్నచో డెబ్బదియైదు తగ్గుననును. ఇల్లాలి జాబితా మూడువందల ఎనుబదికి ముగిసినది. కూపను పోగొట్టుకొనలేక నూట యిరువది రూపాయల బిస్కత్తులు చేర్చును. తగ్గింపు పోగా నాలుగువందల యిరువదియైదు చెల్లించును. డెబ్బదియైదు మిగిలినదని సంతోషించును గాని, చేతినుండి నలుబదియైదు అదనముగా పోయినది.

ఫోనుకూపనులో కత్తెర లేదు, గడువుల దొంతర లేదు. శ్రమ తగ్గిన మాట నిజమే. కాని కూలి యిచ్చువాడు ఊరక యీయడు గదా. ఇప్పుడు వాడు కొనుచున్నది మన గంటను గాక మన యింటి సమాచారమును: ఏ నెలలో ఎంత నూనె వాడితిమి, మధుమేహపు బిస్కత్తులు ఎప్పటినుండి కొనుచున్నాము, పసిబిడ్డ యెప్పుడు పుట్టినది, అన్నియు వాని ఖాతాలో నెక్కును. కాగితపు చీటీ నాకెన్ని సెంట్లు మిగిల్చినను నా పేరడుగలేదు. అంతకంటె పెద్ద అన్యాయ మింకొకటి కలదు. వార్తాపత్రిక చేతికందిన ప్రతివారును చీటీని కత్తిరింపవచ్చును. ఫోనుకూపనుకు తెలివిగల ఫోను, అంతర్జాలము, ఖాతా, రహస్యసంకేతము, ఆంగ్లమున చదువగల నేర్పు కావలెను. ఎవరికి పది రూపాయల తగ్గింపు ముఖ్యమో, తఱచు వారికే ఇవి కొఱవడును. బల్లపై పెద్ద అక్షరములతో తక్కువ ధర చూచి వస్తువు నెత్తుకొనిన వృద్ధుడు, గల్లాయొద్ద అది ఫోను గలవారికేయని వినును. ఈ యన్యాయమును గుర్తించియే కాలిఫోర్నియాలోని శాన్ డియేగో నగరపాలకమండలి 2025లో, డిజిటల్ కూపను ధర ప్రకటించు కిరాణా అంగడులు ఫోను లేనివారికిని ఆ తగ్గింపును కాగితపు రూపమున నందించవలెనని శాసనము చేసినది.

మన రెండు తెలుగు రాష్ట్రములలోను సూపర్ మార్కెట్టులు ఇదే త్రోవ పట్టుచున్నవి. ఫోను నంబరు చెప్పినవారికొక ధర, చెప్పనివారికొక ధర. తూనికలు కొలతల శాఖవారు పొట్లములోని గ్రాములు చూచినట్లే బల్లపై ప్రకటించిన ధర గల్లాయొద్ద అందఱికిని దక్కుచున్నదా యనుటయు చూడవలెను. అంతవఱకు పాఠకులు చేయదగిన దొకటి కలదు: నంబరు చెప్పుట కిష్టము లేనివారు, బల్లపై వ్రాసిన ధరకే వస్తువు నిమ్మని నిర్మొగమాటముగా నడుగుడు, ప్రక్కనున్న పెద్దలకు ఫోను లేకున్నచో వారి పక్షమునను అడుగుడు.