తిరిగొచ్చిన పిల్లను నిలదీయకండి
సిస్టర్ కావాలని చేరి, కాన్వెంటు నుంచి ట్రంకుపెట్టెతో ఇంటికొచ్చేసిన అమ్మాయిని మన విచారణల్లో చూసే చూపు మారాలి. పూజ అయ్యీ అవగానే గుడి మెట్ల దగ్గరే మొదలవుతాయి ప్రశ్నలు: "ఏమ్మా, పంపించేశారా? ఇమడలేకపోయావా?" పక్కనే తల్లి కొంగు సర్దుకుంటూ నేలచూపులు చూస్తుంది. ఆమె తల దించుకోవలసిన తప్పు ఏం జరిగిందని? దైవపిలుపును పరీక్షించుకోవడానికే కదా తిరుసభ ఇన్నేళ్ల గడువు పెట్టింది! వ్రతాలకు ముందుండే నోవిషియేట్ శిక్షణ కనీసం 12 నెలలు. ఆ కాలంలో ఎప్పుడైనా స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చని తిరుసభ చట్టమే చెబుతోంది. ఆ తర్వాత తాత్కాలిక వ్రతాలు కనీసం 3 ఏళ్లు, అవసరమైతే 9 ఏళ్ల దాకా. 1928లో లొరెటో సభలో చేరిన మదర్ తెరెసా 1946లో డార్జిలింగ్ వెళ్లే రైల్లో మరో పిలుపు విన్నారు. అప్పటికే నిత్యవ్రతాలు చేసుకున్న సిస్టర్ ఆవిడ. అయినా గురువులతో మాట్లాడి, ఆర్చిబిషప్పును అడిగి, రోము అనుమతి వచ్చాకే 1948లో మఠం గడప దాటారు. అంతటి ఆమె అన్నాళ్లు ఆగితే, పద్దెనిమిదేళ్ల పిల్లకు చేరిన ఏడాదికే అంతా తేలిపోవాలా? ఊరు ఏమంటుందోనని లోలోపల నలిగిపోతూ నిత్యవ్రతాలకు నిలబడే పిల్లను తలుచుకుంటేనే నాకు భయమేస్తుంది. మంచి కాపరి ఆదివారం నాడు దైవపిలుపుల కోసం ప్రార్థన చేయించే గురువులు, తిరిగొచ్చిన వాళ్ల గురించి కూడా ప్రసంగంలో ఓ మంచి మాట చెప్పాలి. ఆ పిల్లను పాటల బృందంలోకి, పిల్లల జ్ఞానోపదేశం క్లాసుకి పేరుపెట్టి పిలవాలి.