సగం నిండిన ట్యాంకు

సూరత్‌లోని సలాబత్‌పురాలాంటి ఇరుకు బట్టల పేటకైనా, మగ్గాల పని మీద వెళ్లిన మన పద్మశాలి కుటుంబాలుండే లింబాయత్‌కైనా నీళ్లు చేరవేయడానికి పెద్ద ట్యాంకర్ కంటే చిన్న టెంపోయే నయం. దాని మీద సొంతంగా ట్యాంకు కట్టుకోవడాన్ని తప్పుపట్టలేం. తప్పంతా లెక్కలో ఉంది. లీటరు నీరంటే కిలో బరువు. 2005లో వచ్చిన టాటా ఏస్ మోసేది సుమారు ముప్పావు టన్ను. దాని మీద 1,000 లీటర్లు నింపితే, ట్యాంకు బరువు కలపకముందే పావు టన్ను ఎక్కువ. ‘సగమే నింపుతాంలెండి’ అంటారు. అసలు ముప్పు అక్కడే. నిండు ట్యాంకులో నీటికి కదిలే చోటుండదు. సగం ట్యాంకులో బ్రేకు వేస్తే ముందుకు, మలుపు తిప్పితే పక్కకు విరుచుకుపడుతుంది. డాబా మీద కదలకుండా నిలబడటానికి చేసిన పొడవాటి ప్లాస్టిక్ ట్యాంకైతే మరీను. అందుకే ఐదారు వందల లీటర్లకు మించకుండా, ఎత్తు తక్కువగా, ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన ట్యాంకు కావాలి. తాగునీటికైతే స్టెయిన్‌లెస్ స్టీలుది. లోపల అడ్డంగా రేకులు, నీరు పారేందుకు వాటి కింది మూలల్లో కోతలు, చెయ్యి పెట్టి కడిగేంత మూత. గల్లీల్లో వేగమెక్కడిదని వాదించవచ్చు. అదే బండి రింగ్ రోడ్డు ఫ్లైఓవరూ ఎక్కుతుందిగా! ఇక 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. వెల్డింగ్ షాపుకు వెళ్లేముందే ఆర్టీవో ఆఫీసులో అడగడం మేలు. లేదంటే ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీకి మంచి సాకు దొరుకుతుంది.