నిలకడలో పొంచి ఉన్న ముప్పు

న్యూయార్క్ రాష్ట్రంలోని బార్డ్ కళాశాల ప్రాంగణంలో గల లెవీ ఆర్థిక సంస్థ, 2008 సంక్షోభానంతరం స్నాతకోత్తర విద్యార్థులకు వేసవి తరగతులు నిర్వహించింది. ఆ పాఠాలకు మూలం, 1996లో మరణించిన హైమన్ మిన్‌స్కీ సిద్ధాంతం. విపణి తనంతట తానే సమతుల్యత పొందుతుందని ప్రధాన స్రవంతి అర్థశాస్త్రం బోధిస్తుంది. నిలకడే అస్థిరతకు బీజమని మిన్‌స్కీ వాదన. మంచికాలం సాగేకొద్దీ అప్పు ఇచ్చేవారికీ, తీసుకునేవారికీ భయం తగ్గుతుంది. మొదట ఆదాయంతో అసలు, వడ్డీ రెండూ తీరుతాయి. పిదప వడ్డీ మాత్రమే. తుదకు వడ్డీకి సైతం కొత్త అప్పే శరణ్యం. ఏళ్ల తరబడి ప్రమాదమెరుగని బాయిలరు వద్దనే సేఫ్టీ వాల్వు తనిఖీ వాయిదా పడే అవకాశం ఎక్కువ. గృహ ఋణాలున్న పాఠక మిత్రులకూ ఈ లెక్క వర్తిస్తుంది. ఒక వాయిదా చెల్లించడానికి మరొక అప్పు చేయవలసి వస్తే, ఆ కుటుంబం మూడవ మెట్టుకు చేరినట్లే.