గ్రీన్ టీ మాత్ర సరే, ముందు కళ్లంలోని బూజు కాయ సంగతి చూడండి

పైన వీడియోలో వేరుశనగ కాయ ఆరబెట్టే పద్ధతి చూపించాను. అది తీస్తున్న రోజు పక్క చేను అన్న వచ్చి కూర్చున్నాడు. "బెంగళూరు నుంచి మావాడు గ్రీన్ టీ మాత్రలు పంపించినాడబ్బా. లివర్‌లో విషాలన్నీ పోతాయంట. రోజుకొకటి మింగేదా?" అని అడిగాడు. అడుగుతూనే చేత్తో కాయలు ఏరుతున్నాడు. మంచివి మండీకి పోయే మూటలోకి, పుచ్చులు, పగిలినవి, నల్లబడ్డవి ఇంకో సంచిలోకి. ఆ సంచి ఎక్కడికి అంటే, "ఇంటికే, పచ్చడికి" అన్నాడు.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. టీ తాగొచ్చు, మాత్ర వద్దు, ఆ సంచి మాత్రం ఇంటికి అసలు వద్దు.

గ్రీన్ టీ వేరే మొక్కేం కాదు. మనం పాలు పోసుకుని తాగే టీ ఆకే. కోసిన వెంటనే ఆవిరి పట్టో, పెనం మీద వేయించో ఆకు నల్లబడకుండా ఆపేస్తారు. అందుకే కేటెచిన్లు అనే పదార్థాలు అందులో ఎక్కువగా మిగులుతాయి. వాటిలో ముఖ్యమైనది ఈజీసీజీ. కప్పు టీలో సుమారు 50 నుంచి 100 మిల్లీగ్రాములు ఉంటుంది.

ఇక మన కాయ. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పడితే గింజలో అఫ్లాటాక్సిన్ తయారవుతుంది. చిత్రం ఏంటంటే, ఈ విషాన్ని కాలేయంలోని ఎంజైములే ఇంకా ప్రమాదకరమైన రూపంలోకి మారుస్తాయి. అది పోయి కణంలోని డీఎన్ఏకు అంటుకుంటుంది. గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని ముందే పట్టుకుంటే మూత్రంలో బయటికి పోతుంది. పట్టుకోలేకపోతే ఆ దెబ్బ ఏళ్ల తరబడి పేరుకుని లివర్ క్యాన్సర్ దాకా పోవచ్చు. హెపటైటిస్-బి కూడా ఉన్నవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ.

చైనాలోని గ్వాంగ్షీలో ఇలాంటి 124 మంది మీద గ్రీన్ టీ పాలీఫినాల్స్‌ని పరీక్షించి చూశారు. కొందరికి రోజుకు 500 మి.గ్రా., కొందరికి 1000 మి.గ్రా., మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర, 3 నెలల పాటు. 2006, 2008లో ఫలితాలు వచ్చాయి. టీ మాత్ర తీసుకున్నవాళ్ల మూత్రంలో గ్లూటాథయోన్ దారిలో బయటికొచ్చిన విషం పెరిగింది, డీఎన్ఏ దెబ్బతిన్న గుర్తులు తగ్గాయి. అంటే లివర్ కణాలకు టీ సాయం చేయొచ్చు అనే మాట ఉత్తదేం కాదు. కానీ వాళ్లు చూసింది ఆ గుర్తుల్నే. క్యాన్సర్ ఆగిందని అందులో ఎక్కడా లేదు.

మరి మాత్ర ఎందుకు వద్దంటున్నా? యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో లెక్క తేల్చింది. మాత్రల రూపంలో రోజుకు 800 మి.గ్రా., ఆపైన ఈజీసీజీ తీసుకున్నవాళ్లలో లివర్ దెబ్బను సూచించే ఎంజైములు రక్తంలో పెరిగాయి. పరగడుపున మింగితే ఒంట్లోకి ఇంకా ఎక్కువ చేరుతుంది. బరువు తగ్గడానికని అమ్మిన ఒక గ్రీన్ టీ మందును ఫ్రాన్స్, స్పెయిన్‌లలో 2003లోనే వెనక్కి తీసుకున్నారు, లివర్ దెబ్బతింటోందని. లివర్ కోసమని మింగేది లివర్‌కే చేటు చేస్తే ఏం లాభం? నీళ్లలో కాచిన టీతో మామూలుగా ఆ భయం లేదు. అన్నంతో పాటు మాత్రం తాగకండి, తిన్న ఇనుము సరిగ్గా ఒంటబట్టదు. రక్తం తక్కువున్న ఆడవాళ్లు గంట ఆగి తాగితే మేలు.

ఇప్పుడు మన ప్రకృతి సేద్యం వాళ్లకు ఒక మాట, కోపం తెచ్చుకోకండి. "మందు కొట్టలేదు, మా కాయలో విషం లేదు" అని చాలామంది ధీమాగా అంటున్నారు. జీవామృతం పోసిన చేనా, యూరియా వేసిన చేనా అని బూజు చూడదు. కోతకు ముందు నెల రోజులు బెట్ట తగిలితే భూమిలోనే పడుతుంది. వీలుంటే అప్పుడు ఒక తడి ఇవ్వండి. పీకేటప్పుడు పార తగిలి పగిలిన కాయను అక్కడే వేరు చేయండి. గింజలో తేమ 8 శాతానికి దిగేదాకా ఆరబెట్టండి. వీడియోలో చూపించినట్టు కాయ ఊపితే గింజ గలగలలాడాలి. గోతాలు నేల మీద పెట్టొద్దు.

వేయిస్తే పోతుందిలే అనుకోకండి, మన వంట వేడికి ఇది పూర్తిగా పోదు. చెడ్డ గింజ గానుగకు పంపితే నూనెలోకి కొంత దిగుతుంది, చెక్కలో మిగతాది ఉంటుంది. ఆ చెక్క ఆవు తింటే పాలల్లోకి వస్తుంది, ఆ పాలు పిల్లలకే పోస్తాం. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని సుమారు వంద మంది చనిపోయారు. వాళ్లూ పారేయడం ఇష్టం లేక తిన్న పేదవాళ్లే.

కంటికి బాగున్న గింజలోనూ ఈ విషం కొంత ఉండొచ్చు. అయినా ఏరి పారేస్తే చాలావరకు తగ్గుతుంది. అన్న సంచి విప్పి ఇద్దరం చూశాం. ఆయన ముందు గొణిగాడు, "ఇంత కాయ పారేసేదా?" అని. తర్వాత తనే కాల్చేశాడు. మాత్రల డబ్బా బీరువాలోనే ఉందట. గ్రీన్ టీ మాత్రం మొదలుపెట్టాడు, రెండు చెంచాల చక్కెర వేసుకుని.